చివరి గంటలో వచ్చేవారికి దక్కే సేవ: వెస్టర్న్ స్టేట్స్ నూరు మైళ్ల పరుగుపై సమీక్ష

నూరు మైళ్ల కొండదారి పరుగును ఒక సేవగా లెక్కగట్టి సమీక్ష రాయడం కొందరికి వింతగా తోచవచ్చు. కాళ్లు మనవి, ఊపిరి మనది, ఆ దూరం దాటవలసిందీ మనమే అయినప్పుడు నిర్వాహకులు కొత్తగా ఇచ్చేదేమిటని అడిగినవారిని చూశాను. అయితే ప్రవేశ రుసుము కట్టి, ఛాతీ మీద బిబ్ అనే నంబరు పట్టీ తగిలించుకుని, ఒక పగలూ ఒక రాత్రీ మళ్లీ మరుసటి ఉదయమూ అడవిదారిలో గడపబోయే మనిషి నిజానికి తన ప్రాణాన్ని ముక్కూమొహం తెలియని వందలమంది చేతుల్లో పెడుతున్నాడు. ఆ చేతులు ఎంతవరకు నమ్మదగినవో అతనికి ముందుగా తెలియాలి. అందుకే, కాలిఫోర్నియాలో ఏటా జూన్ నెలాఖరు శనివారం మొదలయ్యే వెస్టర్న్ స్టేట్స్ పరుగు పూర్తిచేసిన అనుభవంతో, దాని ఎయిడ్ స్టేషన్లు (దారిలో నీళ్లు, తిండి అందించే చోట్లు), వైద్య సహాయం, నియమాలు, సమయ పరిమితులు, ముగింపు ఏర్పాట్లు ఎలా ఉంటాయో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ముందు వరుసలో పరుగెత్తేవారికి ఏ పోటీ అయినా బాగానే కనిపిస్తుంది. ఇరవై తొమ్మిదో గంటలో కాళ్లీడ్చుకుంటూ వచ్చే మనిషిని ఎలా చూసుకున్నారన్నదే ఒక పోటీ నాణ్యతకు అసలైన కొలత అని నా అభిప్రాయం. నాకు దక్కింది 24 గంటలు దాటాక వచ్చినవారికిచ్చే కంచు బకిల్ (బెల్టు కొక్కెం) కాబట్టి ఈ సమీక్ష వెనుక వరుసలోంచి రాసినదని మొదటే చెప్పడం న్యాయం.

తెలియనివారి కోసం దారి గురించి క్లుప్తంగా చెబుతాను. ఒలింపిక్ వ్యాలీలో తెల్లవారుజామున 5 గంటలకు మొదలై, సియెరా నెవాడా పర్వతాల మీదుగా సాగి, ఆబర్న్ పట్టణంలోని ప్లేసర్ హైస్కూల్ ట్రాక్ మీద ముగిసే ఈ దారి పొడవు 100.2 మైళ్లు. మొత్తం మీద సుమారు 18,000 అడుగులు ఎక్కాలి, సుమారు 23,000 అడుగులు దిగాలి. మొదట్లో ఇది గుర్రపు స్వారీ దారి. టెవిస్ కప్ పేరిట ఒక్క రోజులో నూరు మైళ్లు స్వారీ చేసే ఆనవాయితీ 1955లో మొదలైంది. 1974లో గోర్డీ ఐన్స్‌లీ ఆ స్వారీలో గుర్రం లేకుండా బయలుదేరి, 23 గంటల 42 నిమిషాల్లో కాళ్ల మీదే ఆబర్న్ చేరాడు. 1977లో 14 మందితో తొలి అధికారిక పరుగు జరిగితే ముగ్గురే చివరిదాకా వచ్చారు. ఆ మరుసటి ఏడు పాట్ స్మైత్ ఈ పరుగు పూర్తిచేసిన తొలి మహిళ అయింది. ఇప్పుడు 24 గంటల లోపు చేరినవారికి వెండి బకిల్, 30 గంటల లోపు చేరినవారికి కంచు బకిల్ ఇస్తారు. గుర్రాల పోటీలో పశువైద్యులు మధ్యమధ్య ఆపి పరీక్షించి, సాగగల స్థితిలో ఉన్న గుర్రాన్నే ముందుకు వదులుతారు. మనుషుల పరుగుకు కూడా ఆ ఆలోచనే పునాది అయిందని దారి పొడవునా అనిపిస్తుంది, నాకు ఈ పోటీ మీద గౌరవం కలగడానికి అదొక కారణం.

లోపం గురించి కూడా ముందే చెప్పాలంటే, అది ప్రవేశం దగ్గరే ఉంది. దారిలో కొంత భాగం గ్రానైట్ చీఫ్ అనే రక్షిత అరణ్యం గుండా పోతుంది కాబట్టి అటవీశాఖ అనుమతి 369 మందికే పరిమితమైంది. దరఖాస్తులు మాత్రం వేలల్లో వస్తాయి. ముందుగా నిర్వాహకుల జాబితాలో ఉన్న ఏదో ఒక అర్హత పోటీని వారు పెట్టిన గడువు లోపల ముగించాలి. ఆ తర్వాత డిసెంబరులో అందరి ఎదుట లాటరీ తీస్తారు. పేరు రాకపోతే మరుసటి ఏడాదికి టికెట్లు రెట్టింపవుతాయి: ఒకటి రెండవుతుంది, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది. ఓపికకు విలువ ఇచ్చే పద్ధతే ఇది, లెక్క దాపరికం లేకుండా అందరికీ కనిపిస్తుంది కూడా. అయినా ఏళ్లతరబడి ప్రతి సంవత్సరం ఒక కఠినమైన అర్హత పోటీ పరుగెత్తగల తీరిక, ఆరోగ్యం, కుటుంబ పరిస్థితి అందరికీ ఉండవు. యాభై దాటాక ఈ వరుసలో నిలబడినవారికి టికెట్లు పెరిగేసరికి మోకాళ్లు అరిగిపోతాయి. గర్భం దాల్చిన మహిళలు తమ స్థానాన్ని తర్వాతి ఏడాదికి వాయిదా వేసుకునే వీలు కల్పించడం మంచి పని. అలాంటి ఆలోచన వయసు పైబడినవారి విషయంలోనూ చేస్తే బాగుంటుంది.

ప్రవేశానికి ఉన్న మరో షరతు మాత్రం నాకు చాలా నచ్చింది. లాటరీలో పేరు వచ్చినవారు కనీసం 8 గంటలు ఏదైనా దారి మరమ్మతులోనో, మరొక పోటీలోనో స్వచ్ఛందంగా పనిచేయాలి. పారతో కాలిబాట పక్కన నీటి కాలువ తీసినవారికీ, రాత్రంతా ఎయిడ్ స్టేషన్‌లో పొయ్యి దగ్గర నిలబడినవారికీ ఈ పరుగు వెనుక ఎంత చాకిరీ ఉంటుందో కొంతైనా తెలుస్తుంది. దాదాపు 1,500 మంది వాలంటీర్లు పనిచేసే ఈ పోటీలో చాలామంది తామే పరుగెత్తేవారు, లేదా ఒకప్పుడు ఇదే దారి పూర్తిచేసినవారు. వాళ్ల చేతుల్లో ఆ అనుభవం కనిపిస్తుంది. 2022 సెప్టెంబరులో మస్కీటో అనే పేరుగల కార్చిచ్చు ఈ దారిలో చాలా మైళ్లను కాల్చేస్తే, మరుసటి జూన్ నాటికి ఆ దారిని మళ్లీ నడవదగినదిగా చేసింది కూడా ఇలాంటి శ్రమే.

ఇక పరుగులోకి వస్తాను. మొదటి నాలుగున్నర మైళ్లలోనే సుమారు 2,550 అడుగులు ఎక్కి, 8,750 అడుగుల ఎత్తున ఉన్న ఎమిగ్రెంట్ పాస్ అనే కనుమ చేరాలి. అక్కడ వెనక్కి తిరిగి చూస్తే టాహో సరస్సు మీద సూర్యోదయం కనిపిస్తుంది. మంచు ఎక్కువ పడిన సంవత్సరాల్లో ఆ పైభాగంలో జూన్ నెలాఖరులో కూడా గట్టిపడిన మంచు మీద జారుతూ పోవలసి వస్తుంది, మిగతా సంవత్సరాల్లో రాళ్లు, దుమ్ము. దారి గుర్తులు తగినంత దగ్గరగా కట్టారు. అలసిన కంటికి కూడా రిబ్బన్లు సులువుగా అందుతాయి. అయినా ఏ గుర్తూ పూర్తి రక్ష కాదు. 2016లో రికార్డు వేగంతో అందరికంటే ముందు పోతున్న జిమ్ వాల్మ్‌స్లీ తొంభై మైళ్లు దాటాక ఒక మలుపు తప్పి విలువైన సమయం పోగొట్టుకున్నాడు. అతనే 2019లో 14 గంటల 9 నిమిషాల 28 సెకన్లలో ముగించాడు.

ఈ పోటీ సేవలో ఆయువుపట్టు ఎయిడ్ స్టేషన్లే. దారి పొడవునా ఇరవై వరకు ఉన్నాయి. వాటిలో చాలావాటిని పరుగు క్లబ్బులు ఏళ్లుగా తమ సొంత బాధ్యతగా నడుపుతున్నాయి. మనం బల్ల చేరేలోపే ఎవరో ఒకరు ఎదురొచ్చి, బిబ్ మీది నంబరు చూసి గట్టిగా చదువుతారు. ఆ కేకతో మన డ్రాప్ బ్యాగ్ (మనం ముందే అక్కడికి పంపుకున్న సంచి) వెతికే పని మొదలైపోతుంది. వచ్చిన వ్యక్తి మనల్ని వదలడు. సీసాల మూతలు తానే విప్పుతాడు, దేనిలో నీళ్లు కావాలి, దేనిలో ఉప్పు కలిపిన పానీయం కావాలి అని అడిగి నింపుతాడు, మళ్లీ మన వెస్ట్ (సీసాలు పెట్టుకునే చేతుల్లేని చొక్కా) జేబుల్లో సర్దుతాడు. నా దగ్గరకు వచ్చిన ఒక పెద్దావిడ సీసాలు నింపుతూనే మూడు ప్రశ్నలు వేసింది: చివరిసారి మూత్రం ఎప్పుడు పోశారు, ఏ రంగులో ఉంది, గత గంటలో ఏం తిన్నారు. నేను చెబుతుంటే ఆమె చూపు నా నోటి మీద లేదు, నా వేళ్ల మీద ఉంది. ఉంగరం దగ్గర వేలు ఉబ్బిందో లేదో చూస్తోందని తర్వాత అర్థమైంది. బల్ల మీద పుచ్చకాయ ముక్కలు, ఉప్పులో అద్దుకునే ఉడికించిన బంగాళాదుంపలు, వేడి సూప్, కోలా వంటివి ఉంటాయి. అవి చాలా పోటీల్లో ఉంటాయి. ఇలా కనిపెట్టి చూసే కన్ను మాత్రం చాలాచోట్ల ఉండదు.

ఈ దారిలో అసలు పరీక్ష లోయలదే. ముప్పయ్యో మైలు దగ్గరి రాబిన్సన్ ఫ్లాట్ దాటాక దారి క్రమంగా కిందికి దిగి, మధ్యాహ్నం ఎండ మండే వేళకు లోతైన లోయల్లోకి తీసుకుపోతుంది. అక్కడ ఉష్ణోగ్రత 38 డిగ్రీల సెల్సియస్ దాటడం కొత్త కాదు. ఒక లోయలోకి దిగి, వాగు దాటి, డెవిల్స్ థంబ్ అనే నిటారు చరియను మలుపులు మలుపులుగా ఎక్కాలి. ఊపిరి తీసుకునేలోపే మరో లోయలోకి దిగి, ఎల్ డొరాడో వాగు దాటి, మిషిగన్ బ్లఫ్ అనే పాత బంగారు గనుల ఊరికి మళ్లీ ఎక్కాలి. ఎక్కేటప్పుడు గుండె వేగం పెరుగుతుంది, దిగేటప్పుడు తొడ కండరాలు ప్రతి అడుగుకీ సాగుతూ బరువును ఆపాలి. కండరపు నారలు ఎక్కువగా దెబ్బతినేది ఆ రెండో పనిలోనే. వేడిలో రక్తం చర్మం వైపు మళ్లడంతో కడుపుకు అందేది తగ్గి, తిన్నది అరగక వాంతి వచ్చేలా ఉంటుంది. ఇక్కడ వాలంటీర్లు చేసే పని చూడదగ్గది. టోపీ తీసి దాని నిండా ఐసు పోసి మళ్లీ తలమీద పెడతారు. మెడకు కట్టుకున్న గుడ్డలో ఐసు నింపి ముడి వేస్తారు. పెద్ద స్పాంజీలు చల్లటి నీళ్లలో ముంచి భుజాల మీద, వెన్ను మీద పిండుతారు. ఆఖరు వరుసలో సాయంత్రం దాకా ఆలస్యమై వచ్చినవారికి కూడా ఐసు మిగిలే ఉంది. నేను ఈ పోటీకి ఇచ్చే మార్కుల్లో సగం ఆ ఒక్క విషయానికే ఇస్తాను.

ఎందుకంటే, పేరు అనవసరమైన మరొక నూరు మైళ్ల పోటీలో నేను రాత్రివేళ ఒక ఎయిడ్ స్టేషన్ చేరేసరికి నీళ్లు అయిపోయాయి. ముందు వచ్చినవారు పగటి ఎండకు ఒంటి మీద కూడా పోసుకున్నారట. ఖాళీ డ్రమ్ముల పక్కన ఇద్దరు కుర్రవాళ్లు దిక్కుతోచక నిలబడి ఉన్నారు, పాపం వాళ్ల తప్పు ఏమీ లేదు. తర్వాతి స్టేషన్‌కు ఏడు మైళ్లు. నాతో పాటు ఉన్నవారిలో కొందరు అక్కడే ఆగిపోయారు. ముందు పోయేవారు తక్కువసేపు దారిలో ఉంటారు, తక్కువ తాగుతారు. వెనుకవారు అదే దూరానికి రెట్టింపు గంటలు వేడిలో గడుపుతారు. నీళ్లు, ఐసు, ఉప్పు లెక్కవేసేటప్పుడు ఈ తేడా గుర్తుపెట్టుకున్న నిర్వాహకుడే వెనుక వరుసను మనుషులుగా చూసినట్టు. వెస్టర్న్ స్టేట్స్‌లో ఆ లెక్క ఎవరో చాలా శ్రద్ధగా వేశారు.

వైద్య విషయంలో ఈ పోటీకి మరో ప్రత్యేకత ఉంది. ఈ దారి మీద పరుగెత్తేవారి శరీరాలపై దశాబ్దాలుగా పరిశోధనలు జరుగుతున్నాయి, వాటి ఫలితాలు తిరిగి నియమాల్లోకీ సలహాల్లోకీ వస్తున్నాయి. ఒకప్పుడు దారిలో రన్నర్ల బరువు తూచి, తగ్గితే నీళ్లు తాగమనేవారు. తర్వాత తేలిందేమంటే, దాహానికి మించి నీళ్లు తాగడమే పెద్ద ప్రమాదం. దీర్ఘశ్రమలో శరీరం నీటిని బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచే హార్మోన్ ఎక్కువగా ఊరుతుంది. అటువంటప్పుడు అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పలచబడి, మెదడు వాచి, తికమక, మూర్ఛ, ఒక్కోసారి మరణం దాకా పోవచ్చు. నా వేళ్లు చూసిన పెద్దావిడ వెతుకుతున్నది ఆ సూచనల కోసమే. నొప్పి తగ్గించే ఇబుప్రోఫెన్ వంటి మాత్రలు వేసుకోవద్దని కూడా పోటీ మార్గదర్శకంలో గట్టిగా హెచ్చరిస్తారు. కండరాలు చిట్లి వాటిలోని పదార్థం రక్తంలో కలిసినప్పుడు వడపోత భారమంతా మూత్రపిండాల మీద పడుతుంది. ఆ మాత్రలు సరిగ్గా అదే సమయంలో వాటికి రక్తప్రసారం తగ్గిస్తాయి. మందుల దుకాణంలో సులువుగా దొరికే మాత్ర ఇక్కడ ఆస్పత్రి పాలు చేయగలదన్న సంగతి ప్రతి రన్నర్‌కూ తెలియాలి.

మిషిగన్ బ్లఫ్‌లో నా పాదాలకు జరిగిన సేవను కొంచెం దగ్గరగా చెప్పాలి. ఎడమ మడమ పక్కన, బొటనవేలి కింద బొబ్బలు లేచాయి. ఒకాయన మడత కుర్చీ ముందు నేల మీద కూర్చుని నా పాదం తన ఒడిలో పెట్టుకున్నాడు. ముందు దుమ్మంతా తడి గుడ్డతో తుడిచి, స్పిరిట్ రాసి, ఆరేదాకా అట్టముక్కతో విసిరాడు. సూదిని బొబ్బ అంచున, పాదం నేలకు ఆనని వైపు గుచ్చి, నీరు మెల్లగా ఒత్తి తీశాడు. పై చర్మం చింపలేదు, అదే సహజమైన కట్టు అన్నాడు. చుట్టూ బెంజోయిన్ టింక్చర్ పూసి, అది జిగురుగా మారాక టేపు అంటించాడు. టేపు మూలలను కత్తెరతో గుండ్రంగా కత్తిరించాడు. మూల పదునుగా ఉంటే మేజోడు అక్కడే పట్టుకుని టేపును లేపేస్తుందట. తర్వాత పౌడరు చల్లి, పొడి మేజోళ్లు తొడిగి, బూట్ల లేసులు కూడా తానే కట్టాడు. అంతసేపూ అతని పక్కన ఒక యువతి గడియారం చూస్తూ, కటాఫ్‌కు, అంటే స్టేషన్ మూసే గడువుకు, ఇంకా ఎంత సమయం ఉందో నాకు చెబుతూనే ఉంది. ఆ టేపు ఆబర్న్ దాకా ఊడలేదు.

అరవై రెండో మైలు దగ్గరి ఫారెస్ట్‌హిల్ నుంచి పేసర్‌ను, అంటే తోడుగా పరుగెత్తే మనిషిని, వెంట తీసుకుపోవచ్చు. పేసర్ ధైర్యం చెప్పవచ్చు, ముందో వెనుకో నడవవచ్చు, తినమని పోరవచ్చు. మన సీసాలు, బరువు మోయకూడదు, చేయి పట్టి లాగకూడదు. ఈ నియమం కఠినమైనదే, కాని దాన్ని అందరికీ ఒకేలా వర్తింపజేశారన్నది చరిత్రలో ఉంది. 2006లో మొదటి స్థానంలో వచ్చిన బ్రయన్ మారిసన్ చివరి ట్రాక్ మీద కుప్పకూలి, తన వెంట ఉన్నవారి ఆసరాతో గీత దాటితే, అనర్హుడిగా ప్రకటించారు. అంత దూరం వచ్చినవాడికి అలా జరగడం చదివితే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. అయినా ఆ నిర్ణయం సరైనదే అంటాను. మొదటివాడికి సడలించిన నియమాన్ని చివరివాడికి బిగించే పోటీల్లో బకిల్‌కు విలువ ఉండదు.

ఫారెస్ట్‌హిల్ తర్వాతి పదహారు మైళ్లు నదివైపు దిగుడు. మంచి కాళ్లున్నవారికి ఇది పరుగు తీయదగ్గ దారి. లోయల్లో తొడలు అరగదీసుకున్నవారికి ప్రతి దిగుడూ శిక్షే. చీకటి పడ్డాక హెడ్‌ల్యాంప్ వెలుగులో దుమ్ము పొగలా లేస్తుంది, రాళ్ల నీడలు లోతు తెలియనివ్వవు. తెల్లవారుజామున రెండు, మూడు గంటల మధ్య నాకు కడుపు పూర్తిగా మొండికేసింది. ఆ వేళ చేరిన స్టేషన్‌లో వాలంటీర్ నన్ను కుర్చీలో కూర్చోబెట్టినా మంట దగ్గరికి మాత్రం పోనివ్వలేదు. వేడికి అలవాటుపడితే లేవలేరన్నాడు. చెంచాడు చెంచాడు సూప్ ఇస్తూ, రెండు నిమిషాలు ఆగుతూ, మళ్లీ ఇస్తూ, నా ఒళ్లు తేలికపడేదాకా పక్కనే నిలబడ్డాడు. మానేయమని అనలేదు, పొమ్మని తరమలేదు. కళ్లు నిలిపి చూడగలుగుతున్నానా, పేరూ నంబరూ తడబడకుండా చెప్పగలుగుతున్నానా అని పరీక్షించి, తేల్చుకున్నాకే లేపాడు. తీరా లేచాక పది అడుగులు నా వెంట నడిచి, నా నడక చూసి వెనక్కి వెళ్లాడు.

డెబ్భై ఎనిమిదో మైలు దగ్గర రకీ చకీ వద్ద అమెరికన్ నది పాయను దాటాలి. నీరు ఎక్కువగా ఉన్న సంవత్సరాల్లో తెప్పల మీద దాటిస్తారు. మేము దాటినప్పుడు నది అడ్డంగా తాడు కట్టి ఉంది, మంచు కరిగిన చల్లటి నీళ్లలో నడుము లోతున వాలంటీర్లు వరుసగా నిలబడి ఉన్నారు. అడుగున ఏ రాయి ఎక్కడుందో వాళ్లకు కంఠతా వచ్చు. ఇక్కడ ఎడమ కాలు పెట్టండి, ఇక్కడ గుంట ఉంది, తాడు వదలకండి అని ఒకరి తర్వాత ఒకరు చెబుతూ మనిషి నుంచి మనిషికి అప్పగిస్తారు. వాళ్లు ఆ నీళ్లలో వంతులవారీగా రాత్రంతా నిలబడతారు. ఈ దారిలో ఎవరికైనా చేతులెత్తి నమస్కరించాలనిపిస్తే, అది వాళ్లకే.

కటాఫ్‌ల గురించి ఒక మాట. ప్రతి పెద్ద స్టేషన్‌కు మూసే సమయం ఉంటుంది. ఆ వేళకు అక్కడికి చేరితే చాలదు, అక్కడి నుంచి బయలుదేరి ఉండాలి. ఇది మొదటిసారి వచ్చినవారికి కఠినంగా అనిపిస్తుంది. అయితే గడువులు దారి స్వభావానికి తగినట్టు ఉన్నాయి: లోయల దగ్గర ఊపిరి పీల్చుకునే వెసులుబాటు, చివరి ఇరవై మైళ్లలో బిగువు. నిలిపివేయవలసి వచ్చినప్పుడు వాళ్ల పద్ధతి నేను కళ్లారా చూశాను. నా ముందు వెళ్తున్న ఒకావిడ మూసే సమయానికి రెండు నిమిషాలే ఉండగా కుర్చీ మీంచి లేవలేకపోయింది. స్టేషన్ బాధ్యుడు మోకాళ్ల మీద కూర్చుని ఆమె కళ్లలోకి చూస్తూ విషయం చెప్పాడు, మణికట్టు పట్టీ కత్తిరించే ముందు ఆమె అనుమతి అడిగాడు. ఒకరు దుప్పటి కప్పితే, ఇంకొకరు ఆమె ఇంటివాళ్లకు ఫోన్ కలిపారు. ఓడినవారిని అంత గౌరవంగా దారి దింపడం కూడా సేవే, అది ఏ బ్రోచర్‌లోనూ కనిపించదు.

తొంభై ఏడో మైలుకు కాస్త ముందు, 1912లో రైళ్ల కోసం కట్టిన నో హ్యాండ్స్ బ్రిడ్జి వస్తుంది. ఆ తర్వాత ఎక్కుడు, రోబీ పాయింట్ దగ్గర మట్టిదారి అయిపోయి తారు రోడ్డు, అక్కడి నుంచి ట్రాక్‌కు మైలు పైచిలుకు. ఆదివారం ఉదయం 10 నుంచి 11 గంటల వరకు, అంటే ముప్పయ్యో గంటను, ఇక్కడివారు గోల్డెన్ అవర్ అంటారు. ముందురోజు రాత్రే గెలిచి నిద్రపోయి లేచినవారు, ఊరివాళ్లు, వాలంటీర్లు అందరూ ట్రాక్ చుట్టూ చేరతారు. మొదటి స్థానంవాడికి కొట్టిన చప్పట్లకంటే ఈ గంటలో వచ్చేవారికి కొట్టే చప్పట్లు ఎక్కువ. 2015లో 70 ఏళ్ల గన్‌హిల్డ్ స్వాన్సన్ 29 గంటల 59 నిమిషాల 54 సెకన్లకు, ఆరు సెకన్ల తేడాతో, గీత దాటింది. ఆ ఏడాది పురుషుల విజేత రాబ్ క్రార్ సాదా చెప్పులతోనే చివరి మైలు ఆమె పక్కన పరుగెత్తాడు. ఈ పోటీ తన వెనుక వరుసను ఎలా చూస్తుందో చెప్పడానికి అంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

గీత దాటాక సేవ ఆగిపోదు. మెడలో పతకం పడిన మరుక్షణం ఒక వాలంటీర్ మోచేయి పట్టుకుంటాడు, మన మనిషి వచ్చేదాకా వదలడు. పక్కనే వైద్య శిబిరం, మంచాలు, రక్తపోటు చూసేవారు ఉన్నారు. ఆగిన వెంటనే కాళ్లలో రక్తం నిలిచి కళ్లు తిరగడం మామూలే కాబట్టి, కొంతసేపు నడిపించి, తర్వాత కాళ్లు ఎత్తులో పెట్టి పడుకోబెడతారు. మూత్రం ముదురు గోధుమరంగులో ఉంటే దాచకుండా చెప్పమని అడిగారు. కండరాలు చిట్లినదానికి అదే ముఖ్యమైన గుర్తు. బకిల్‌లను అదే రోజు మధ్యాహ్నం సభలో పేరు పిలిచి ఇస్తారు. ఎండలో, నిద్రలేని శరీరాలతో అంతసేపు కూర్చోవడం కష్టమే. నీడ, పడుకునే చోటు ఇంకొంచెం పెంచితే వెనుక వరుసవారికి మేలు, ఎందుకంటే వాళ్లకు సభకు ముందు దొరికే విశ్రాంతి చాలా తక్కువ.

నాకు కనిపించిన మిగతా లోపాలు చిన్నవి. మొదటి ఎక్కుడులో సన్నదారి మీద జనం గుమిగూడడం వల్ల వేగం మన చేతిలో ఉండదు, అయితే అది మొదట్లో తొందరపడేవారిని ఆపుతుంది కాబట్టి నష్టం లేదు. క్రూగా, అంటే దారిలో కలిసి సాయపడేందుకు, వచ్చే కుటుంబసభ్యులకు స్టేషన్ల మధ్య కొండ రోడ్ల ప్రయాణం చాలా దూరం; వాళ్లు ఒకటి రెండు చోట్లే కలిసేలా ఏర్పాటు చేసుకుని, మిగతాది డ్రాప్ బ్యాగులకు వదిలేయడం మంచిది. ఇక్కడి వాలంటీర్ల మీద ఆ భరోసా పెట్టుకోవచ్చు.

లాటరీకి పేరు ఇవ్వదలచుకున్నవారు ఎక్కుడు సాధనకంటే దిగుడు సాధన మీద ఎక్కువ వారాలు పెట్టాలి. ఈ దారిలో తొడలు అరవయ్యో మైలుకు ముందే అయిపోతే ఏ ఎయిడ్ స్టేషనూ వాటిని తిరిగి ఇవ్వలేదు. వేడికి శరీరం అలవాటుపడడానికి సుమారు రెండు వారాలు పడుతుంది కాబట్టి, జూన్ నెల మొదటి సగంలో రోజూ కొంతసేపు ఎండలోనో, ఆవిరిగదిలోనో గడపడం అవసరం. గంటకు ఎంత తాగితే, ఎంత తింటే మీ కడుపు ఒప్పుకుంటుందో ముందే తేల్చుకుని ఒక చీటీ మీద రాసి వెస్ట్ జేబులో పెట్టుకోండి. రాత్రి మూడు గంటలకు మీ నోట మాట రాకపోయినా, ఆ చీటీ చూపిస్తే అక్కడివారు మిగతా పని చూసుకుంటారు.